పోలో 1.0 టీఎస్ఐకి రీమ్యాప్: 240 వద్దన్నాను, 205 చాలన్నాను

ముందు తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్ఐకి స్టేజ్ 1 రీమ్యాప్ (పార్టులు మార్చకుండా, ఇంజన్‌ను నడిపే ఈసీయూ అనే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ దిద్ది పవర్ పెంచడం) చేయిస్తే పెట్టిన డబ్బు దండగ కాదు. కాకపోతే షాపువాళ్లు పోస్టర్ మీద వేసే టార్క్ (ఇంజన్ తిప్పే బలం) అంకెకు మాత్రం ఆశపడొద్దు. అందులోంచి కొంత కోయించుకుని తీసుకోండి. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నాది మిర్యాలగూడలో మోటారు వైండింగ్ షాపు. రైసు మిల్లుల మోటార్లు, బోరు మోటార్లు కాలిపోయి నా దగ్గరికి వస్తాయి. వాటిలో సగం కేసులు ఒకే రకం. స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది కదా, లోడు ఎక్కువైతే అది ట్రిప్ అయి మోటారును ఆపుతుంది. మాటిమాటికీ ఆగుతోందని ఎవరో స్క్రూడ్రైవర్ పెట్టి దాని సెట్టింగు పెంచేస్తారు. ఆ పూట బ్రహ్మాండంగా నడుస్తుంది. నెల తిరిగేసరికి వైండింగు నల్లగా మాడి నా టేబుల్ మీద ఉంటుంది. రీమ్యాప్ కూడా కంపెనీ పెట్టిన రిలే సెట్టింగు పెంచడమే. ఎంత పెంచాలి, పెంచితే ముందు కాలేది ఏది అన్న రెండు ప్రశ్నలు అడగకుండా షాపు మెట్లెక్కకూడదు.

బండి 2021 మోడల్. బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు, 2020లో, ఫోక్స్‌వ్యాగన్ పాత 1.2 టీఎస్ఐ తీసేసి ఈ మూడు సిలిండర్ల 999 సీసీ టర్బో పెట్టింది. 5,000 ఆర్పీఎం దగ్గర 110 పీఎస్ పవర్, 1,750 నుంచి 4,000 దాకా 175 న్యూటన్ మీటర్ల టార్క్. బరువు టన్నుకు కొంచెం ఎక్కువ. 2022లో పోలోనే మన దేశంలో ఆపేశారు కాబట్టి ఇప్పుడు ఇలాంటిది కొత్తగా కొందామన్నా దొరకదు. దాన్ని పాడుచేసుకుంటే మళ్లీ రాదన్న భయం నాకు మొదటినుంచీ ఉంది. అందుకే నాలుగేళ్ల వారంటీ అయిపోయేదాకా ఆ జోలికే పోలేదు. ఫోక్స్‌వ్యాగన్, ఆడీ కార్లలో ఈసీయూ సాఫ్ట్‌వేర్ మారినట్టు కంపెనీ సిస్టమ్‌లో కనిపిస్తే టీడీ1 అని ఓ గుర్తు పడుతుంది. ఆ గుర్తు పడ్డాక ఇంజన్, గేర్‌బాక్స్ వారంటీ క్లెయిములు తిరస్కరించే అవకాశం ఉంటుంది. వారంటీలో ఉన్న బండికి రీమ్యాప్ చేయిస్తానంటే మా తమ్ముడినైనా వద్దనే అంటాను.

ఇప్పుడు అసలు లెక్క. ఇదే ఇంజన్‌ను యూరప్‌లో కంపెనీవాళ్లే 115 పీఎస్, 200 న్యూటన్ మీటర్లతో అమ్మారు. అంటే 200 దాకా వాళ్లు పరీక్షించిన దారే. ఇక మాన్యువల్ గేర్‌బాక్స్ పేరు ఎంక్యూ200. ఆ 200 అన్నది అది మోయాల్సిన టార్కే. కంపెనీ లెక్కలో కొంత వెసులుబాటు ఉంటుంది గానీ, ట్యూనర్లు సాధారణంగా చెప్పే 230, 240 న్యూటన్ మీటర్లు ఆ 200ను బాగా దాటిపోతాయి. దానిమీద క్లచ్ ఒకటుంది. దానికి కూడా ఓ హద్దు ఉంటుంది.

హైదరాబాద్‌లో నేను వెళ్లిన షాపు పేరు రాయను. మెచ్చుకుంటే ప్రచారం అంటారు, తిడితే పగ అంటారు. ఇక్కడ రెండూ ఉన్నాయి. ట్యూనింగ్ చేసే కుర్రాడు పాతికేళ్లవాడు, పనిమంతుడు. నన్ను చూడగానే, "అన్నా, స్టేజ్ 1లో 138 పీఎస్, 240 ఎన్ఎం ఇస్తా, బండి ఎగురుతుంది" అన్నాడు.

"ఎగరొద్దు తమ్ముడూ, రోడ్డు మీదే ఉండనీ. 205 దాటించకు. 2,000 ఆర్పీఎం లోపల కంపెనీ టార్క్ కంటే ఒక్క పాయింటు కూడా పెంచకు" అన్నాను.

వాడు నన్ను వింతగా చూశాడు. అందరూ ఇంకా కావాలని అడిగేవాళ్లే, తగ్గించమని వచ్చినవాడు నేనొక్కణ్నేనట. ధర మాత్రం అదే, 35 వేలు. 205 అడిగినా, 240 అడిగినా పని ఒకటేనన్నాడు. అది న్యాయమైన మాటే.

2,000 లోపల వద్దనడానికి కారణం ఉంది. చిన్న టర్బో ఇంజన్లకు, అందులోనూ పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లకు, ఎల్ఎస్‌పీఐ అని ఒక జబ్బు ఉంది. తక్కువ ఆర్పీఎంలో, పై గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, ప్లగ్గు నిప్పు వేయకముందే సిలిండర్‌లో ఆయిల్ చుక్కో, కార్బన్ ముక్కో అంటుకుని పేలుతుంది. మామూలు నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి అంటుకుని కొట్టుకోవడం) అయితే సెన్సర్ పట్టుకుంటుంది, ఈసీయూ ప్లగ్గు నిప్పు వేసే టైమింగ్ వెనక్కి లాగుతుంది. ఇది అలా కాదు, అది పట్టుకునేలోపే ఒక్క దెబ్బకు పిస్టన్ పగిలిన కేసులున్నాయి. రీమ్యాప్‌లో 1,600 దగ్గరే టార్క్ కుమ్మరిస్తే నడపడానికి భలే మజాగా ఉంటుంది. షాపు చుట్టూ ఓ రౌండు వేయించి కస్టమర్‌ను పడేయడానికి అంతకంటే సులువైన దారి లేదు. కానీ ఆ మజా పిస్టన్ మీదుగా వస్తుంది. గేర్‌బాక్స్‌కు, క్లచ్‌కు కూడా దెబ్బ తగిలేది అక్కడే. అదే పవర్ 4,500 పైన తీసుకుంటే మెటీరియల్ మీద అంత ఒత్తిడి ఉండదు. ఆయిల్ విషయంలో కూడా దీన్నే చూడాలి: డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ గ్రేడు ఉందా, మన బండి మాన్యువల్‌లో రాసిన ఫోక్స్‌వ్యాగన్ నంబరుకు సరిపోతుందా అని. 2020లో వచ్చిన ఎస్‌పీ గ్రేడులో ఈ జబ్బుకు పరీక్ష ఉంది.

షాపుకు వెళ్లేముందు బండిని సిద్ధం చేసుకున్నాను. ప్లగ్గులు కొత్తవి, ఆయిల్ కొత్తది, ఎయిర్ ఫిల్టర్ కొత్తది. కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) చూపించాను, మూడు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఇది చేయకుండా రీమ్యాప్ మొదలుపెట్టే షాపులుంటాయి జాగ్రత్త. బండి ఆరోగ్యం తెలియకుండా మందు ఎక్కించడమే అది. ఇంకో సంగతి, ట్యాంకు మా ఊరి బంకులోనే నింపుకుని వెళ్లాను. హైదరాబాద్‌లో నాకింగ్‌ను బాగా తట్టుకునే వంద ఆక్టేన్ పెట్రోల్ పోసి మ్యాప్ రాయించి, ఇంటికొచ్చి మామూలు పెట్రోల్ కొట్టించడం ఎవడికి లాభం? బండి రోజూ ఏది తాగుతుందో దాంతోనే రాయించాలి. ఎక్స్‌పీ100 అనే ఆ వంద ఆక్టేన్ పెట్రోల్ అప్పట్లో లీటరు 160 రూపాయల దగ్గర ఉండేది, మామూలుది 107. రోజూ అది పోసేంత స్తోమతా లేదు, మా దగ్గర దొరకదు కూడా.

ఇప్పుడు డైనో, అంటే బండి పవర్ కొలిచే యంత్రం సంగతి. బండిని రోలర్ల మీద కట్టేసి, ముందు ఒక ఫ్యాన్ పెట్టారు. ఆ ఫ్యాన్ చూసి నాకు నవ్వాగలేదు. పెళ్లి పందిట్లో పెట్టే సైజు. రోడ్డు మీద వంద స్పీడులో రేడియేటర్‌కు తగిలే గాలి ఎక్కడ, ఇదెక్కడ? మూలన ఉన్న ఇంకో పెద్ద బ్లోయర్ లాగించి, గాలి సూటిగా బంపర్ గ్రిల్ మీద పడేలా కోణం మార్పించాను. మోటార్లతో బతికేవాణ్ని, గాలి విషయంలో నాకు మొహమాటం లేదు. కంపెనీ మ్యాప్ మీద మొదటి రన్‌లో చక్రాల దగ్గర 99 పీఎస్ చూపించింది. వెంటవెంటనే కొట్టిన మూడో రన్‌లో 96కి పడింది. లోపలికి పోయే గాలి వేడెక్కేకొద్దీ ఈసీయూ తనంతట తనే టైమింగ్ తగ్గించుకుంటుంది, అందుకే పడుతుంది. ఎవరికి ప్రింటు ఇచ్చినా మొదటి రన్ ఇస్తారు. నేను మూడోదే రాసుకున్నాను, ఎందుకంటే మే నెలలో మా నల్గొండ జిల్లాలో 44 డిగ్రీలు మామూలు. నా బండి బతికేది మూడో రన్‌లోనే.

లాప్‌టాప్‌లో లాగ్ (రన్‌లో ఈసీయూ ఏం చేసిందో చూపే రికార్డు) తెరిచాడు. మూడో గేర్‌లో 2,000 నుంచి 6,000 దాకా ఒక్కో సిలిండర్‌కు ఒక్కో గీత. రెండు గీతలు సున్నా దగ్గరే సమంగా పోతుంటే, రెండో సిలిండర్ గీత 3,200 దగ్గర మూడు డిగ్రీలు కిందికి దిగి, మెల్లగా మళ్లీ పైకి లేచింది. అంటే అక్కడ నాకింగ్ వాసన తగిలి ఈసీయూ టైమింగ్ వెనక్కి లాగుతోంది. కంపెనీ మ్యాప్ మీదే ఇలా ఉంటే, అక్కడ ఇంకా బూస్ట్ (టర్బో లోపలికి తోసే గాలి ఒత్తిడి) పెంచితే ఏమవుతుంది? కుర్రాడిని మెచ్చుకోవాల్సింది ఇక్కడే. నేను నోరు తెరవకముందే, "అన్నా, ఈ జోన్‌లో టైమింగ్ ఒకటిన్నర డిగ్రీ తీసేస్తా, బూస్ట్ కొంచెమే ఇస్తా" అన్నాడు. రాసిన ప్రతిసారీ లాగ్ చూసి, మళ్లీ దిద్దాడు. ఫైలు ఎక్కించేటప్పుడు బ్యాటరీకి సప్లై యూనిట్ తగిలించాడు. మధ్యలో వోల్టేజీ పడిపోతే ఈసీయూ చచ్చిపోతుంది, ఇలాంటి చిన్న పనిలోనే మనిషి పనితనం తెలుస్తుంది. చివరికి వచ్చింది 2,200 నుంచి 4,200 దాకా 205 న్యూటన్ మీటర్లు, మూడో రన్‌లో చక్రాల దగ్గర 111 పీఎస్. రెండో సిలిండర్ ఒక డిగ్రీకి మించి దిగలేదు. ప్రింటు మీద మాత్రం 128 అని ఉంది. గేర్‌బాక్స్‌లో పోయే నష్టం ఇంత అని ఓ శాతం కలిపి వేస్తారు, ఆ శాతం ఎంత పెట్టాలన్నది షాపువాడి దయ. ప్రింటుకు ఫ్రేము కట్టించుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

నడిపితే ఎలా ఉంది? ఊళ్లో ఏ తేడా లేదు. రైల్వే గేటు దగ్గర ఆగి కదిలితే పాత బండే. తేడా అంతా మూడు, నాలుగు గేర్లలో 2,500 పైన. హైదరాబాద్ నుంచి హాలియా దారిలో వస్తే ఇబ్రహీంపట్నం దాటాక మాల్, మల్లేపల్లి మీదుగా రెండు లైన్ల రోడ్డు. ముందు గడ్డి లోడు ట్రాక్టర్, దాని ముందు ఆర్టీసీ బస్సు, ఎదురుగా ఖాళీ ఉన్నది కొంచెమే. ఇదివరకు రెండింటినీ ఒకేసారి దాటాలంటే ఓ క్షణం ఆలోచించేవాణ్ని, మూడో గేర్‌కు దించి, గుండె చిక్కబట్టుకుని. ఇప్పుడు నాలుగో గేర్‌లోనే పని అయిపోతోంది. 80 నుంచి 110 మధ్య పికప్ మాత్రం నిజంగా వేరే బండిలా ఉంది. గుంజుడు ఒకేసారి వీపు మీద తన్నినట్టు రాదు, ఒక లెవెల్లో పెరుగుతూ పోతుంది. 240 మ్యాప్ వేయించుకున్న మిత్రుడి బండి నడిపాను. అందులో తన్ను ఉంది, ఒప్పుకుంటాను. ఐదో గేర్‌లో 2,000 దగ్గర తొక్కితే స్పీడు పెరగకుండా ఆర్పీఎం ముల్లు పైకి పాకడం కూడా ఉంది. అంటే క్లచ్ జారుతోంది. పాపం అతను దాన్ని పవర్ అనుకుంటున్నాడు.

మైలేజీ అడుగుతారు కాబట్టి: ఒకే స్పీడులో పోతే పాతదే, హైవే మీద 17 దాకా. కాలు ఆగకపోతే ఎంతైనా పడుతుంది.

ఇథనాల్ గురించి కొంచెం. నా బండి 2023కి ముందుది, 20 శాతం ఇథనాల్ కోసం కట్టింది కాదు. ఇథనాల్ పెరిగితే అదే పవర్‌కు పెట్రోల్ ఎక్కువ చిమ్మాలి. కంపెనీ మ్యాప్‌లో ఈసీయూ ఆ తేడాను సెన్సర్ చూసుకుని సర్దుతుంది. నా లాగ్‌లో అలా సర్దింది ఆరు శాతం దాకా ఉంది. రీమ్యాప్ రాసేవాడు ఈ అంకె చూడకుండా రాస్తే ఫుల్ లోడ్‌లో మిక్స్చర్ పల్చబడి వేడి పెరుగుతుంది. మీ ట్యూనర్‌ను ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఆ సర్దుబాటు, ఎంత వచ్చిందని అడగండి. తెల్లమొహం వేస్తే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.

చేయించనివి కూడా చెప్పాలి. ఓపెన్ కోన్ ఎయిర్ ఫిల్టర్ వద్దన్నాను. మా ఊళ్లో మిల్లుల ఊక ధూళి గాలిలోనే ఉంటుంది, దామరచర్ల వైపు పోతే బూడిద లారీలు. కంపెనీ కాగితం ఫిల్టర్ సగం గడువుకే మార్చేస్తున్నాను, అది చాలు. సైలెన్సర్ ముట్టుకోలేదు. మోత పెట్టే సైలెన్సర్లను పోలీసులు రోడ్ రోలర్ కింద వేసి నలిపే వీడియోలు చూసే ఉంటారు. డౌన్‌పైపు (టర్బో వెనక పొగగొట్టం) మార్చి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసే స్టేజ్ 2 అసలే వద్దు, పొగ పరీక్ష కూడా పాసవదు. బూస్ట్ సెన్సర్ వైరుకు తగిలించే పది వేల రూపాయల ట్యూనింగ్ బాక్సులు వస్తున్నాయి, వాటి గురించి ఒక్కటే మాట: అవి సెన్సర్‌ రీడింగు మార్చి ఈసీయూకు అబద్ధం చెప్పి పని చేయించుకుంటాయి. లోపల ఏం జరుగుతోందో ఈసీయూకు కూడా తెలియదు.

చేయించినవి: ముందు బ్రేకులకు మంచి ప్యాడ్లు, డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తది. వెనక డ్రమ్ములే కాబట్టి బరువంతా ముందు డిస్కుల మీదే. ఇంజన్ ఆయిల్‌ను కంపెనీ 15,000 కిలోమీటర్లకు మార్చమంటుంది, నేను 7,500కే మారుస్తున్నాను. ప్లగ్గుల గ్యాప్ కొంచెం తగ్గించి పెట్టారు. హైవే మీద దంచి వచ్చాక ఇంటి ముందు ఓ నిమిషం ఇంజన్ తిరగనిచ్చి ఆపుతాను.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ కంటికి కనపడదు కదా అని షాపువాళ్లు ధైర్యం చెబుతారు. యాక్సిడెంట్ అయి ఇన్సూరెన్స్ సర్వేయర్ తవ్వడం మొదలుపెడితే ఆ ధైర్యం మీతో స్టేషన్‌కు రాదు. ఇది తెలిసే చేయించుకున్నాను, మీరు కూడా తెలిసే చేయించుకోండి.

షాపు మీద నా ఫిర్యాదులు రెండు. పొద్దున ఇచ్చిన బండి చీకటి పడ్డాక గానీ చేతికి రాలేదు, ఫోన్ చేస్తే "అరగంట అన్నా" అన్న పాటే. అది భరించొచ్చు. రెండోది భరించలేను: ఇంజన్ కింద ప్లాస్టిక్ ట్రే విప్పి మళ్లీ బిగించినప్పుడు మూడు స్క్రూలు పెట్టలేదు. నార్కట్‌పల్లి దాటాక టపటపా కొట్టుకుంటుంటే ఆపి చూస్తే, ట్రే ఓ మూల వేలాడుతోంది. ఈసీయూలో అర డిగ్రీ గురించి గంట కూర్చున్న మనుషులు పది రూపాయల స్క్రూ దగ్గర ఇలా చేయడం ఏమిటో. మెసేజ్ పెడితే సారీ చెప్పి, ఈసారి వచ్చినప్పుడు పెడతామన్నారు. నేను మా బజార్లోనే వేయించుకున్నాను.

ఎవరికి పనికొస్తుంది? మాన్యువల్ 1.0 టీఎస్ఐకి, నేను చెప్పిన హద్దులో, కళ్లు మూసుకుని. ఇదే ఇంజన్ టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌తో ఉంటే గేర్‌బాక్స్ ఇంకా గట్టిది, కొంచెం పైకి పోవచ్చు. 2013 నుంచి వచ్చిన పాత 1.2 జీటీ టీఎస్ఐ వేరే కథ. దానిది డ్రై క్లచ్ డీఎస్‌జీ, అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ రిపేరుకు పేరు పడ్డది. దానికి పవర్ పెంచడం కంటే గేర్‌బాక్స్ కోసం డబ్బు పక్కన పెట్టుకోవడం మేలు. టర్బో లేని స్విఫ్ట్, ఐ20 1.2 వాళ్లు అడగొద్దు. వాటికి రీమ్యాప్‌తో వచ్చేది నాలుగైదు పీఎస్, యాక్సిలరేటర్ స్పందన మారిందని మురిసిపోవడం తప్ప ఏమీ లేదు.

అయిదుకు నాలుగు మార్కులు ట్యూనింగ్‌కు, రెండు మార్కులు బిగింపు పనికి. వెళ్లేవాళ్లు ఒరిజినల్ ఫైలు కాపీ ముందే అడిగి పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. సర్వీస్ సెంటర్‌లో అప్‌డేట్ వేస్తే మీ మ్యాప్ చెరిగిపోవచ్చు, లేదా అమ్మేటప్పుడు కంపెనీ సెట్టింగుకు తిప్పాల్సి రావచ్చు. నాది ఇంకా పంపలేదు, అడుగుతూనే ఉన్నాను. స్టేజ్ 2 ఆఫర్ మెసేజ్ మాత్రం పండగ పండగకూ వస్తోంది.